మందుకి లొంగిన జబ్బు

ఊపిరితిత్తుల డాక్టరుగా నా ఉద్యోగమంతా బెంగళూరులోనే గడిచింది. ఈ చదువులోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వచ్చి కూర్చుంటారు. "సార్, మీ రోజుల్లో ఇన్ని స్కాన్లు లేవు, ఇన్ని పరీక్షలు లేవు. ఒట్టి స్టెతస్కోపు పెట్టి ఎలా కనిపెట్టేసేవారండీ?" అని అడుగుతారు. వాళ్ళ కళ్ళల్లో ఆ భక్తి చూస్తే నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. కనిపెట్టేవాళ్ళం కాదు నాయనా, ఊహించేవాళ్ళం. ఊహ తప్పితే అడిగే నాథుడు లేడు. ఈ మాట ఎదురుగా చెప్పడానికి నోరు రాక కాఫీ ఇచ్చి పంపేస్తుంటాను.

నేను బాగుచేసిన వాళ్ళ కథలు రాస్తే మీకు ఒరిగేదేమీ లేదు. దగ్గుమందు రాసిచ్చి దణ్ణాలు పెట్టించుకోవడం ఎవరికైనా చేతనవుతుంది. అందుకని ఒక్క మనిషి గురించి కొంచెం వివరంగా చెబుతాను. చదివి నన్ను తిట్టుకున్నా ఫరవాలేదు.

మా చీఫ్ గారి పద్ధతి

తొంభైల మొదట్లో నేను చేరిన ఆసుపత్రి పాత పేటలకి దగ్గర. పొద్దున తలుపు తీసేసరికి వరండా నిండా దగ్గే. చిక్కపేటలో బట్టల మూటలు మోసే హమాలీలు, బళేపేట అంగళ్ళవాళ్ళు, బొమ్మనహళ్ళి నుంచి బస్సులు మారి వచ్చే కుట్టుపని ఆడపిల్లలు. సగం మంది తెలుగు, సగం మంది కన్నడం, ఇంకో సగం రెండూ కలిపి మాట్లాడేవారు.

మా చీఫ్ మంచి మనిషి. ముక్కుమీద కోపం. పండగ రోజున కూడా వార్డుకి వచ్చి ఒక్కో మంచం దగ్గరా నిలబడేవాడు. టీబీతో ఇళ్ళకి ఇళ్ళు ఖాళీ అయిపోవడం చిన్నప్పుడు కళ్ళారా చూశాడట. టీబీ ఎక్కడ తన చేతిలోంచి జారిపోతుందోనని ఆయనకి ఎప్పుడూ భయమే. ఆ భయంలో తప్పు లేదు. కఫం పరీక్షలో టీబీ క్రిమి కనబడలేదని నేను నసిగితే మాత్రం కసిరేవాడు.

"ఏమయ్యా, క్రిమి వచ్చి నీకు నమస్కారం పెడితేనే టీబీనా? మందులు మొదలుపెట్టు. రెండు వారాల్లో తేరుకుంటే టీబీయే. మందుకి లొంగిందంటే ఇంక వేరే సాక్ష్యం దేనికి?"

ఎంత బాగుందో చూడండి ఆ మాట. వినగానే నోరు మూతపడిపోతుంది. నాకూ పడింది. పడి ఊరుకున్నానా? కొన్నాళ్ళకి అదే మాట, అదే గొంతుతో, నా కిందివాళ్ళకి నేర్పడం మొదలుపెట్టాను.

మునిరత్నమ్మ

ఆమెది బళేపేటలో గాజుల అంగడి. పూర్వీకులెప్పుడో అనంతపురం వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు. ఒక వానాకాలం కోడలు సరోజ ఆమెని వెంటబెట్టుకుని వచ్చింది. సరోజ చంకలో నెలల పిల్ల.

"ఏమమ్మా, ఏమిటి బాధ?" అన్నాను.

"దగ్గప్పా. ఎక్కెక్కి వస్తా ఉండాది. నాలుగు మెట్లెక్కితే దమ్ము కట్టుకుంటాది."

"కఫం పడుతోందా?"

ఆమె తల వంచుకుంది. "లేదప్పా."

"ఎందుకు లేదు సార్?" అని కోడలు అందుకుంది. "శానా పడతాది. మింగేస్తాది. అంగడి ముందర మొగోళ్ళు ఉండారని ఉమ్మేకి సిగ్గు, నాచికె."

"సుమ్మనే ఉండవే," అని కోడల్ని కసిరి, మునిరత్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ మాట నేను విన్నాను. విని కూడా ఒక డబ్బీ చేతికిచ్చి, "ఇందులో ఉమ్మి తీసుకురామ్మా," అని వరండాలోకి పంపాను. అక్కడ ముప్పై మంది కూర్చుని ఉన్నారు. అంతమంది మధ్య ఆమె ఎలా ఖాండ్రించి ఉమ్ముతుంది? నోట్లో తడి కాస్త డబ్బీలో వేసి తెచ్చిచ్చింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ల్యాబు నుంచి మూడుసార్లూ క్రిమి లేదనే వచ్చింది. డబ్బీ మూత తీసి లోపలేముందో నేను ఒక్కసారి చూసుంటే చాలు. కఫం చూడాలంటే నాకు అసహ్యం. ఛాతీ డాక్టరుకి కఫం అసహ్యం, వినడానికే ఎంత సిగ్గుచేటు! కానీ ఉన్నమాట అది.

ఎక్స్‌రేలో కిందివైపు ఏవో చారలున్నాయి. మనిషి చిక్కిపోయింది. బీడీ, చుట్ట ఏమైనా అలవాటుందా అని అడిగాను. "అయ్యో రామ, లేదప్పా," అంది. పొగ తాగకపోతే ఏళ్ళ తరబడి సాగే శ్వాసనాళాల జబ్బు రాదని మా పుస్తకాల్లో ఉండేది. అంతటితో ఆ దారి మూసేశాను. ఇంట్లో ఏ పొయ్యి మీద వండుతావమ్మా అని అడగలేదు. అంగడి వెనక కిటికీ లేని గదిలో, ఊహ తెలిసినప్పటి నుంచీ కట్టెల పొయ్యి ముందు కూర్చున్న మనిషి ఆమె. ఆ సంగతి నాకు కొన్నేళ్ళ తర్వాత తెలిసింది.

చీఫ్ గారి పద్ధతి ప్రకారం టీబీ మందులు రాశాను. సరోజతో జాగ్రత్తలు చెబుతుంటే చంకలో పిల్ల ఏడుపు లంకించుకుంది. నా మాట వినపడటం లేదని గొంతు పెంచాను. "ఈమెకి టీబీ! కంచం, చెంబు వేరే పెట్టు. పిల్లని ఒళ్ళోకి ఇవ్వకు. అంగట్లో కూర్చోబెట్టొద్దు, పదిమందికి అంటుకుంటుంది!"

తలుపు బార్లా తీసి ఉంది. బయట వరసలో బళేపేటవాళ్ళు ఇంకో నలుగురున్నారు. మునిరత్నమ్మ వాళ్ళ వైపు చూసి, నా వైపు చూసి, లేచి నిలబడింది. కంచాల వల్ల టీబీ అంటుకోదని అప్పటికే తెలుసు. అయినా అందరం చెప్పేవాళ్ళం, నేనూ చెప్పాను. సరోజని తప్పు పట్టడానికి వీల్లేదు. నేను చెప్పిన ప్రతి మాటా తు.చ. తప్పకుండా పాటించింది.

గాజులు తొడిగే చెయ్యి

గాజులమ్మేవాళ్ళు రెండు రకాలు. డజను లెక్కన కాగితంలో చుట్టి ఇచ్చేవాళ్ళు ఒకరు. చెయ్యి పట్టుకుని తొడిగేవాళ్ళు ఇంకొకరు. మునిరత్నమ్మ తొడిగే మనిషి. వచ్చినావిడ అరచేతిని తన చేతుల్లోకి తీసుకుని, బొటనవేలి కింద కండని మెల్లగా నొక్కి, మాటల్లో పెట్టి మరిపించి, ఇరుకు గాజుని సైతం చెయ్యి దాటించేసేదట. తొడిగేటప్పుడు పగిలితే ఆ నష్టం ఆమెదే. తొడిగించుకున్నవాళ్ళు లేచేముందు ఆమెకి దణ్ణం పెట్టి వెళ్ళేవారు. సీమంతాలకి ఆమెనే పిలిచేవారు.

నా మందుచీటీతో అదంతా పోయింది. అంగట్లో సరోజ కూర్చుంది. మునిరత్నమ్మ వెనక గదిలో, అదే పొయ్యి పక్కన, గాజులు ఏరుతూ ఉండిపోయింది.

జబ్బు మాత్రం తగ్గింది! రెండు వారాల్లో దగ్గు సగానికి వచ్చింది. నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. "చూశావా?" అన్నాడు చీఫ్. మందులు నెలల తరబడి సాగి, అయిపోయాయి. మళ్ళీ చలికాలం రాగానే జబ్బు తిరగబెట్టింది. ఇదేమిటి, ఎందుకు తిరగబెట్టింది అని ఆలోచించాలా, లేదా? ఆలోచించలేదు. టీబీ మొండిదైందని తీర్మానించి, ఈసారి స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షను కూడా కలిపి మొదటినుంచీ మొదలుపెట్టాను. మళ్ళీ తగ్గింది. మళ్ళీ తిరగబెట్టింది. మళ్ళీ ఇంజెక్షను. ఇలా కొన్నేళ్ళు.

ఒకరోజు ఆమె వచ్చి కూర్చుని, "అప్పా, గాజులు పలకటం లేదు," అంది.

నాకర్థం కాలేదు.

"పగులు గాజుని తట్టితే తెలిసిపోయేది. నల్లగాజు ఒక తీరు, పచ్చగాజు ఒక తీరు పలికేవి. ఇప్పుడు దేన్ని తట్టినా సద్దు లేదు. లేస్తే తల తిరుగుతాది."

ఆ ఇంజెక్షను చెవులకి చేసే చెరుపు ప్రతి వైద్య విద్యార్థికీ తెలుసు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటాం. వెంటనే ఇంజెక్షను, దాంతో పాటు మాత్రలన్నీ ఆపించాను. పోయిన వినికిడి తిరిగి రాలేదు.

సుజాత అడిగిన ప్రశ్న

మందులు ఆపిన కొద్దిరోజులకే కఫం పచ్చగా అయి, ఆయాసం ముంచుకొచ్చింది. టీబీ ఇంత గబుక్కున తిరిగి రాదే అని అప్పుడు, ఇన్నేళ్ళకి, నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. ఆ మధ్యే మా ల్యాబుకి డాక్టర్ సుజాత అని కొత్త మైక్రోబయాలజిస్టు వచ్చింది. గుంటూరు అమ్మాయి, మొహమాటం తెలీదు. నా అనుమానం చెబితే సగంలోనే ఆపేసింది.

"ఏవండీ, మీ వార్డు నుంచి నాకొచ్చేది కఫం కాదండీ, ఉమ్ము. దాంట్లో ఏం దొరుకుద్ది? ఆవిణ్ణి నా దగ్గరికి పంపండి."

మునిరత్నమ్మని ఆమె ల్యాబు వెనక ఖాళీ వసారాలోకి తీసుకెళ్ళింది. మగవాళ్ళెవరూ అటు రాకుండా చూసింది. నోరు పుక్కిలించమంది, తాగడానికి వేడినీళ్ళిచ్చింది. "నిదానంగా కానీ అమ్మా, నేను చూడను," అని అటు తిరిగి నిలబడింది. ఇందులో గొప్ప విద్య ఏముంది చెప్పండి? ఆ పూట వచ్చింది అసలైన కఫం.

అందులో టీబీ క్రిమి లేదు. టీబీ కోసం వేరే పెట్టిన కల్చర్‌లో వారాల తరబడి చూసినా ఏదీ పెరగలేదు. మామూలు క్రిముల్ని పెంచే పళ్ళెంలో మాత్రం రెండురోజులకే హీమోఫిలస్ అనే బాక్టీరియా కుప్పలుగా పెరిగింది. పొగకి పాడైన శ్వాసనాళాల్లో కాపురం పెట్టి, కాస్త సందు దొరికితే చెలరేగి జబ్బుని తిరగబెట్టించే రకం అది. గొట్టంలోకి గట్టిగా ఊదించి చూస్తే మునిరత్నమ్మ ఊపిరి సగానికి సగం లేదు. ఇంట్లో దేనిమీద వండుతారని సుజాత అడిగితే, కట్టెల పొయ్యి సంగతి అప్పుడు బయటపడింది. టీబీ కాదు. పొయ్యి పొగ తెచ్చిన పాత జబ్బు, దానిమీద పదేపదే చేరే మామూలు బాక్టీరియా.

"మరి టీబీ మందులకి ప్రతిసారీ తగ్గిందే?" అన్నాను. నా గొంతులో ఇంకా చీఫ్ గారే ఉన్నారు.

సుజాత నవ్వలేదు. "ఆ మందుల్లో ఏముందండీ? రిఫాంపిసిన్. అది టీబీ క్రిమినొక్కదాన్నే చంపుద్దా? దీన్నీ చంపుద్ది. మీ ఇంజెక్షనూ అంతే. మందుకి లొంగిందన్నది నిజమేనండీ. లొంగిందేంటో మీరు చూశారా?"

సుజాత అడిగిన ఆ ప్రశ్నని చీఫ్ గారికి అప్పజెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఇలాంటివాళ్ళు ఇంకా ఎంతమంది ఉంటారయ్యా?" అన్నాడు. ఆ తర్వాత లేచి తలుపు దగ్గరికి వేసి, "ఈ సంగతి బయట అనకు," అన్నాడు. నేను అనలేదు. నాకూ అదే కావాలి మరి.

కాదని చెప్పడం

మామూలు యాంటీబయాటిక్ గొట్టం మాత్రలతో ఆమె వారంలో తేరుకుంది. పీల్చే మందు నేర్పాం. సరోజ గ్యాసు పొయ్యి పెట్టించింది. అప్పుడు మునిరత్నమ్మని కూర్చోబెట్టి, ఇది టీబీ కాదు, ఎప్పుడూ టీబీ కాదు అని చెప్పాను. గట్టిగా చెప్పాల్సి వచ్చింది, చెవులు వినపడవు కదా.

ఆమె కోపగించుకోలేదు. "అట్లైతే పాపని ఎత్తుకోవచ్చునా అప్పా?" అంది.

పాపకి అప్పటికే బడి ఈడు వచ్చేసింది. సరోజ చెయ్యి పట్టుకుని తలుపు దగ్గరే నిలబడి ఉంది. అవ్వ చెయ్యి చాపితే పాప వెళ్ళి వాళ్ళమ్మ వెనక దాక్కుంది.

"ఒక ఉపకారం చెయ్యప్పా," అంది మునిరత్నమ్మ. "నువ్వొచ్చి మా వీధిలో ఒక మాట చెప్పిపో. నేను చెబితే ఎవురూ నమ్మరు."

నేనేమన్నానో తెలుసా? "వీధి వీధీ తిరిగి దండోరా వెయ్యమంటావా అమ్మా? బయట ఎంతమంది పేషెంట్లున్నారో చూడు," అని విసుక్కున్నాను. టీబీ అన్నప్పుడు వరండా అంతా వినేటట్టు అరిచిన నాకు, కాదని చెప్పడానికి బళేపేట దాకా పోవడానికి మొహం చెల్లలేదు. పోతే తప్పు నాదేనని చెప్పాలి కదా. ఆమె సరేనని తలూపి వెళ్ళిపోయింది.

నెలలు గడిచాయి. సరోజ మందుల కోసం వచ్చినప్పుడు అడిగితే, "ఇంకా వెనకనే కూర్చుంటాది సార్. ముందరికి వస్తే గిరాకీ పక్కంగడికి పోతాది," అంది. ఆ ఆదివారం సిగ్గు చంపుకుని బళేపేట వెళ్ళాను.

పక్క అంగడి పెద్దాయన కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. చుట్టుపక్కలవాళ్ళు పోగయ్యారు. మునిరత్నమ్మకి టీబీ లేదని చెప్పాను.

"వాసి అయిపోయిందా సార్? సంతోషం," అన్నాడు పెద్దాయన.

"నయం కావడం కాదండీ, అసలు రాలేదు."

"అదే సార్, ఇప్పుడు లేదు కదా."

"అప్పుడూ లేదు. నేనే పొరపాటు పడ్డాను."

ఆయన నా వంక జాలిగా చూశాడు. "పెద్ద మనసు సార్ మీది. ఆమె మీద కనికరంతో అంటా ఉండారు. లేని జబ్బుకి అన్నేళ్ళు సూదులెట్లా వేస్తారు సార్?" చుట్టూ ఉన్నవాళ్ళు అవునవునన్నారు. ఉందని చెప్పినరోజు ఒక్కడూ రుజువు అడగలేదు. లేదని చెప్పడానికి నా తప్పు ఒప్పుకున్నా చాల్లేదు.

మీకు చెప్పదలచింది

మా చీఫ్ గారి పద్ధతిని తిట్టి నేను మారిపోయానని అనుకునేరు. రెండువేల సంవత్సరం తర్వాత కొత్త యాంటీబయాటిక్‌లు బజారు నిండా వచ్చాయి. చిక్కపేట హమాలీ ఒకడు దగ్గుతూ వస్తే, బీడీలు తాగే మనిషి, పాత జబ్బే తిరగబెట్టిందని లీవోఫ్లాక్సాసిన్ రాశాను. తగ్గింది. బాక్టీరియాయే అనుకున్నాను. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ రాశాను, మళ్ళీ తగ్గింది. సుజాత పట్టుబట్టి కఫం తీయిస్తే నిండా టీబీ. ఆ మాత్ర టీబీని కూడా కొన్నాళ్ళు అణిచిపెడుతుందని నాకు తెలుసు. తెలిసి కూడా చీఫ్ గారి వాక్యాన్నే తిరగేసి పట్టుకున్నాను. ఈలోపు ఆ మనిషికి జబ్బు రెండో ఊపిరితిత్తికీ పాకింది.

అందుకని నాయనలారా, డబ్బీ మూత తీసి చూడండి. అసహ్యం వేస్తే ఈ పని మానెయ్యండి. కఫం ఎక్కువైందా, రంగు మారిందా, ఆయాసం పెరిగిందా అని అడిగి అప్పుడు యాంటీబయాటిక్ సంగతి ఆలోచించండి. ఊరికే జలుబు చేసిన ప్రతివాడికీ గొట్టం మాత్రలు పంచకండి. ఆడవాళ్ళని పొయ్యి గురించి అడగండి, కఫం తీయడానికి వాళ్ళకి చాటు చూపించండి. జబ్బు పేరు చెప్పేముందు లేచి తలుపు వెయ్యండి. మా చీఫ్ కూడా తలుపు వేశాడు, కానీ మా పరువు కోసం వేశాడు.

వరలక్ష్మీ వ్రతం ముందు

నా భార్య విమలకి ఈ కథంతా తెలుసు. నేను బళేపేట వెళ్ళి చెప్పొచ్చిన ఏడు, వరలక్ష్మీ వ్రతానికి గాజులు మునిరత్నమ్మ దగ్గర తొడిగించుకోమని అడిగాను. డాక్టరు భార్యే చెయ్యి చాపితే ఇంక వీధివాళ్ళకి ఏం అనుమానం ఉంటుందని నా ఎత్తు. ఆటోలో వెళుతుంటే విమల నెమ్మదిగా, "నిజంగా కాదు కదండీ?" అంది. కాదన్నాను. అనడానికి ముందు నా నోరు ఒక్క క్షణం తటపటాయించింది. నేను పెట్టిన పేరు నన్నే వదల్లేదు.

పండగ ముందు కదా, వీధి కిటకిటలాడుతోంది. పక్క అంగడి పెద్దాయన లేచి చూస్తున్నాడు. గాజులకి వచ్చిన ఆడవాళ్ళు జరిగి దారి ఇచ్చారు. విమల గట్టుమీద కూర్చుని, లోపలున్న మునిరత్నమ్మని గట్టిగా పిలిచి, "మీ చేత్తో తొడగండమ్మా," అని రెండు చేతులూ చాపింది. మునిరత్నమ్మ ముందుకొచ్చి కూర్చుంది. విమల చేతుల్ని చూసింది. ఆమె మొహం వెలిగింది, నేను చూశాను. తన చేతులు ఒళ్ళోంచి కొంచెం పైకి లేచాయి కూడా.

అంతలో వాటిని కొంగు కిందికి లాగేసుకుంది.

"సరోజా, నువ్వు రావే," అంది.

"కాదమ్మా, మీరే తొడగాలి. ఈయన చెప్పారు కదా, మీకేమీ లేదు," అంది విమల.

"తెలుసమ్మా. డాక్టరప్ప చెప్పినాడు, కాదంట. నాకు నమ్మకం ఉండాది." ఆమె గొంతు తగ్గించింది. "నా చెయ్యే ముందరికి రాదు. ఎవురినీ ముట్టుకుని శానా ఏండ్లాయె."

విమల చేతులు చాలాసేపు అలాగే చాపి ఉంచింది. చివరికి సరోజ వచ్చి కూర్చుని ఆ చేతుల్ని అందుకుంది. మునిరత్నమ్మ కాస్త ఎడంగా జరిగి, దూరం నుంచే చెయ్యి చూసి, ఏ సైజు తియ్యాలో కోడలికి చెప్పింది.